ముప్పై దాటినా ముఖం ఇరవై దాటకపోతే: ఉద్యోగ ప్రయత్నంలో ఏం చేయాలి

పదేళ్ల అనుభవంతో అకౌంట్స్ ఉద్యోగం కోసం మాదాపూర్‌లోని ఒక ఆఫీసుకు వెళ్లినప్పుడు, గేటు దగ్గరున్న సెక్యూరిటీ ఆయన నా చేతిలోని ఫైలు చూసి, "ఫ్రెషర్సంతా ఆ పక్క లైన్లో నిలబడాలి బాబూ" అన్నాడు. అప్పటికి నా వయసు ముప్పై రెండేళ్లు. పైకి వెళ్లాక ప్యానెల్‌లో పెద్దాయన రెజ్యూమె చూశారు, నా ముఖం చూశారు, మళ్లీ రెజ్యూమె చూశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న పని గురించి కాదు, "టెన్త్ ఏ సంవత్సరం పాసయ్యారు?" అన్నది. ఆ ప్రశ్న వెనక ఉన్న అనుమానం నాకు ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత నేనే ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నప్పుడు అర్థమైంది. మీదీ ఇలాంటి ముఖమే అయితే, ఉద్యోగ ప్రయత్నం మొదలుపెట్టే ముందు చేసుకోవలసిన ఏర్పాట్లను ఒక వరుసలో కింద రాస్తున్నాను.

మొదటి అడుగు: మిమ్మల్ని చూసి ఏమని అనుమానిస్తున్నారో తెలుసుకోండి

గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, చిన్న గడ్డం, ఎత్తయిన నుదురు పసిపిల్లల లక్షణాలనీ, వాటిని చూడగానే పెద్దవాళ్లలో కాపాడాలనే భావం కలుగుతుందనీ ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో ప్రతిపాదించారు. ఇవే లక్షణాలు పెద్దవాళ్ల ముఖంలో ఉన్నప్పుడు ఎదుటివారు ఎలా చూస్తారన్న విషయాన్ని అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త లెస్లీ జెబ్రోవిట్జ్ చాలాకాలం పరిశోధించారు. అలాంటి వారిని మంచివారుగా, కల్మషం లేనివారుగా భావిస్తూనే, లోకజ్ఞానం తక్కువనీ, గట్టిగా నిలబడలేరనీ కూడా జనం అనుకుంటారని ఆ పరిశోధనల్లో తేలింది. మన వాళ్లు "పాపం, అమాయకుడు" అనే ఒక్క మాటలో ఈ రెండు భావాలనూ కలిపే చెబుతారు.

అయితే హైదరాబాద్‌లో దీనికి ఇంకొక మెలిక ఉంది. లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టుకుని ఉద్యోగాల్లో చేరినవారిని, ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూకు కూర్చున్న ఉదంతాలను ఇక్కడి హెచ్‌ఆర్ వాళ్లు చూసి ఉన్నారు. అందుచేత ఎనిమిదేళ్లు, పదేళ్లు అని రాసుకున్న రెజ్యూమెతో కాలేజీ కుర్రాడిలాంటి మనిషి లోపలికి వస్తే, "ఎంత బాగా కనిపిస్తున్నాడో" అనే ఆలోచన కంటే ముందు "ఇది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కాదు కదా" అనే ఆలోచన వస్తుంది. టెన్త్ పాసైన సంవత్సరం అడగడానికి కారణం అదే. దానికి పదహారు తీసేస్తే పుట్టిన సంవత్సరం దాదాపుగా తెలిసిపోతుంది.

కాబట్టి మీ పనిని బట్టి మీకు ఎదురయ్యే అనుమానం ఏదో తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, పేరోల్ వంటి పనుల్లో అనుభవం నిజమా అన్నది పెద్ద అనుమానం. స్కూలు, కాలేజీ, ఆసుపత్రి, సైటు, షోరూమ్ ఉద్యోగాల్లో మీ మాట నలుగురు వింటారా అన్నది పెద్దది. జీతం దగ్గరకు వచ్చేసరికి, "ఈ వయసుకు ఇది చాలదా" అనే మూడో భావం అన్నిచోట్లా తొంగిచూస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికీ విరుగుడు మీసం పెంచడం కాదు.

రెండో అడుగు: ముఖం కంటే ముందు మీ సంవత్సరాలు కనిపించేలా రెజ్యూమె రాయండి

యాభై దాటినవారికి చెప్పే సలహా ఒకటి ఉంది: డిగ్రీ పూర్తయిన సంవత్సరం తీసేయండి, పాత ఉద్యోగాలను కుదించండి అంటారు. మీరు సరిగ్గా దానికి ఎదురు చేయాలి. డిగ్రీ సంవత్సరం స్పష్టంగా రాయండి. ప్రతి ఉద్యోగానికీ చేరిన నెల, వదిలిన నెల రెండూ రాయండి. "2013 జూన్ నుంచి" అన్న మాట చదివినవారికి మీ ముఖం కనబడకముందే ఒక లెక్క మనసులో పడుతుంది, ఆ తర్వాత ముఖం చూసినా ఆ లెక్క చెరిగిపోదు.

పేజీ మొదట్లో "సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించుకోవడం" తరహా కెరీర్ ఆబ్జెక్టివ్ ఉంటే ఇవాళే తీసేయండి. అది కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ నేర్పిన వాక్యం, అది ఉన్నంతకాలం మీ రెజ్యూమె కూడా మీ ముఖంలాగే ఫ్రెషర్‌ది అనిపిస్తుంది. దాని బదులు రెండు వాక్యాల్లో, ఏ పని, ఎన్నేళ్లు, ఎంత పరిమాణంలో చేశారో చెప్పండి: "పదేళ్లుగా తయారీ సంస్థల్లో అకౌంట్స్ పని, గత నాలుగేళ్లుగా ఐదుగురు సభ్యుల బృందానికి బాధ్యుడిని" అన్నట్టు. టెన్త్, ఇంటర్, డిగ్రీ శాతాల పట్టిక, హాబీలు, కింద "పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అనే వాక్యం, ఇవేవీ పదేళ్ల అనుభవం ఉన్న మనిషి రెజ్యూమెలో ఉండనక్కరలేదు. అడిగితే తప్ప ఫోటో పెట్టవద్దు. ఉద్యోగ వెబ్‌సైట్లలోని మీ ప్రొఫైల్‌లో ఫోటో ఉంటే, అది టూరుకు వెళ్లినప్పుడు తీసుకున్న సెల్ఫీ కాకుండా కాలరున్న చొక్కాతో, సమానమైన వెలుతురులో తీసినదై ఉండాలి.

మూడో అడుగు: కాగితాలు ఒక ఫైల్లో, అడగకముందే

ప్రైవేటు రంగంలో అనుభవానికి మన దేశంలో గట్టి సాక్ష్యం పీఎఫ్ ఖాతా. యూఏఎన్ నంబరుతో (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే నంబరు అది) పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ సభ్యుల పోర్టల్లోకి వెళితే సర్వీస్ హిస్టరీ అనే పేజీలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు వదిలారో కనిపిస్తుంది. పాస్‌బుక్‌లో నెలనెలా జమయిన సొమ్ము కనిపిస్తుంది. అనుభవాన్ని పరిశీలించే సంస్థలు కూడా చివరకు చూసేది చాలావరకు దీన్నే. మీరు ముందుగానే చూసుకోవాలి, ఎందుకంటే పాత సంస్థ మీరు వదిలిన తేదీని నమోదు చేయకపోవడం, రెండు ఉద్యోగాలకు రెండు యూఏఎన్‌లు ఉండిపోవడం చాలామందికి జరిగే పొరపాట్లు. ఇవి మామూలు అభ్యర్థికి చిన్న చికాకులు. ముఖం చూసి ముందే అనుమానించిన చోట అవే పెద్ద ఆధారాలైపోతాయి. రెండు యూఏఎన్‌లు ఉంటే పాత ఖాతాను ఇప్పటిదానికి బదిలీ చేయించుకోండి.

దీనితో పాటు ప్రతి సంస్థ నుంచి ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, అన్ని సంవత్సరాల ఫారం 16, చివరి మూడు నెలల పే స్లిప్పులు వరుసగా పెట్టుకోండి. పుట్టిన తేదీకి పదో తరగతి మెమోనే నమ్ముకోండి. ఆధార్ కార్డును పుట్టిన తేదీకి రుజువుగా ఇక అంగీకరించబోమని ఈపీఎఫ్ఓ 2024 జనవరిలోనే ప్రకటించింది. మెమోలో ఉన్న తేదీ, పాన్‌లో ఉన్న తేదీ, పీఎఫ్‌లో ఉన్న తేదీ ఒకటేనా అని ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. బడిలో చేర్చేటప్పుడు వేసిన పుట్టినరోజుకూ అసలు పుట్టినరోజుకూ తేడా ఉండటం మన ఇళ్లలో ఎంత మామూలో మీకు నేను చెప్పనక్కరలేదు.

నాలుగో అడుగు: చెప్పే అనుభవానికి తేదీ ఉన్న సంఘటనలను జత చేయండి

ఈ సలహాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడినది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. "నాకు పదేళ్ల అనుభవం ఉంది" అన్నప్పుడు ఎదుటివారు దాన్ని నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. ఆ పనిలో ఉన్నవారికి మాత్రమే తెలిసిన ఒక గడ్డుకాలాన్ని, అందరికీ తెలిసిన తేదీతో చెబితే, అవతలి మనిషి కూడా ఆ రోజుల్లో తాను ఎక్కడ కూర్చుని తల పట్టుకున్నాడో గుర్తుచేసుకుంటాడు, అనుమానం అక్కడే సగం తగ్గిపోతుంది.

అకౌంట్స్ పనిలో ఉన్నవారికి 2017 జూలై 1 మరపురాని తేదీ. ఆ రోజు జీఎస్టీ వచ్చింది. "అంతకుముందు నాలుగేళ్లు వ్యాట్ రిటర్నులు వేశానండీ. మారేటప్పుడు పాత సరుకు మీద క్రెడిట్ ముందుకు తెచ్చుకోవడంలో మా సంస్థకు వచ్చిన తేడాను నేనే సరిచేశాను" అని చెబితే, ఆ మాటలో వయసు, అనుభవం, సామర్థ్యం మూడూ ఉన్నాయి, పైగా వయసు అన్న పదం ఒక్కసారి కూడా రాలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయినప్పుడు ఒకే సంస్థ లెక్కలను రెండు రాష్ట్రాలకు విడదీసిన వారికి చెప్పుకోవడానికి ఇంకా ఎక్కువే ఉంటుంది.

బ్యాంకుల్లో పనిచేసినవారికి పెద్ద నోట్ల రద్దును ప్రకటించిన 2016 నవంబరు 8 రాత్రి తర్వాతి వారాలు చాలు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాయి; ఆ సమయంలో శాఖలో ఉన్నవారు ఖాతాదారులకు ఏం సర్దిచెప్పుకున్నారో వారికే తెలుసు. వాహనాల షోరూమ్‌లలో అమ్మకాలు చూసినవారు అదే 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే వాహన కాలుష్య నిబంధన అమలులోకి రావడానికి ముందు, లాక్‌డౌన్ మధ్యలో, బీఎస్-4 బండ్ల నిల్వను ఎలా వదిలించుకున్నారో చెప్పవచ్చు. ఉపాధ్యాయులకు 2020లో మొదలైన ఆన్‌లైన్ తరగతులు, నర్సులకు కోవిడ్ వార్డులు, ప్రోగ్రామర్లకు తాము ఏ పాత వెర్షన్ నుంచి ఏ కొత్త వెర్షన్‌కు వ్యవస్థను మార్చారన్నది, ఇలా ప్రతి పనికీ తనదైన పంచాంగం ఉంటుంది. మీ పనిలో అలాంటి సంఘటనలు మూడు ఎంచుకుని, ఒక్కొక్కటి నిమిషంన్నరలో ముగిసేలా, ఏం జరిగింది, మీరేం చేశారు, చివరికి ఏమైంది అన్న క్రమంలో కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. మీరు నిజంగా ఉన్న సంఘటననే ఎంచుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

ఐదో అడుగు: దుస్తుల విషయంలో కొలతలు ముఖ్యం, వయసు కాదు

పెద్దవాడిలా కనిపించాలని వదులు కోటు, వెడల్పాటి ప్యాంటు వేసుకుంటే నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా ఇంకా చిన్నగా కనిపిస్తారు. చొక్కా భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి, పొడుగు చేతుల అంచు మణికట్టు దగ్గర ఆగాలి, ప్యాంటు బూటు మీద కుప్పగా పడకూడదు. సన్నగా ఉన్నవారికి రెడీమేడ్‌లో ఇవన్నీ కుదరడం కష్టం కాబట్టి, టైలర్ దగ్గర రెండు జతలు కుట్టించుకోవడం ఈ మొత్తం ప్రయత్నంలో పెట్టే మంచి ఖర్చు. పలచగా, అక్కడక్కడా మొలిచే గడ్డం వయసును పెంచదు, తగ్గిస్తుంది; నిండుగా రాకపోతే నున్నగా గీసుకోండి. చూపు బాగానే ఉన్నవారు పవర్ లేని కళ్లద్దాలు పెట్టుకోవద్దు. భుజాన వేలాడే కాలేజీ బ్యాక్‌ప్యాక్ బదులు చేతిలో పట్టుకునే బ్యాగో, ఒక మంచి ఫైలో తీసుకెళ్లండి. గేటు దగ్గర నన్ను ఫ్రెషర్స్ లైన్లోకి పంపింది నా ముఖమే అనుకున్నాను కానీ, వీపున ఉన్న బ్యాగు కూడా అని తర్వాత తోచింది.

స్త్రీలకు స్కూలు, కాలేజీ ఉద్యోగాల్లో మంగళగిరి లాంటి గంజి పెట్టిన నూలు చీర ఒక అధికారాన్ని ఇస్తుందన్నది నిజమే. కానీ చీర అలవాటు లేనివారు ఆ రోజే మొదటిసారి కట్టుకుని వెళితే, కొంగు సర్దుకోవడంలోనే దృష్టి అంతా పోతుంది, ఫేర్‌వెల్ పార్టీకి వచ్చిన విద్యార్థినిలా కూడా కనిపిస్తారు. అలాంటప్పుడు ఒకే ముదురు రంగులో, కాలరున్న కుర్తా మేలు. "పెళ్లయిందా?" అని అడిగే ప్యానెళ్లు ఇంకా ఉన్నాయి, ముఖ్యంగా చిన్నగా కనిపించే అమ్మాయిలను. పనికి సంబంధం లేని ఆ ప్రశ్నకు వివరాలు ఇవ్వనక్కరలేదు. "ఈ ఉద్యోగం వేళలకు, ప్రయాణానికి నాకు ఏ ఇబ్బందీ లేదండీ" అని, వారు నిజంగా తెలుసుకోవాలనుకున్న దానికి మాత్రం జవాబు చెబితే సరిపోతుంది.

ఆరో అడుగు: వీడియో ఇంటర్వ్యూలో కెమెరాను కళ్ల ఎత్తులో పెట్టండి

కెమెరా కళ్లకంటే ఎత్తులో ఉంటే నుదురు, కళ్లు పెద్దవిగా, గడ్డం చిన్నదిగా కనిపిస్తాయి. అంటే లోరెంజ్ చెప్పిన పసి ముఖాన్ని మీరే తయారుచేసుకున్నట్టు. అలాగని మరీ కిందికీ ఉండకుండా, ల్యాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి, లెన్స్ సరిగ్గా కళ్ల ఎత్తుకు వచ్చేలా, మనిషి ఛాతీ వరకు కనిపించేలా కూర్చోండి. ఫోన్‌తో మాట్లాడవలసి వస్తే ముందు కెమెరాలో చర్మాన్ని నునుపు చేసే బ్యూటీ సెట్టింగును ఆపేయండి. జూమ్‌లో కూడా ముఖాన్ని మెరుగుపరిచే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అదీ తీసేయండి. వెనక గోడ మీద పోస్టర్లు, మంచం, హాస్టల్ గదిలా అనిపించే బట్టల తాడు లేకుండా చూసుకోండి.

ఏడో అడుగు: మాట, సంబోధన

భయంతో మాట వేగం పెరుగుతుంది, గొంతు పైకి లేస్తుంది, వాక్యం చివర ప్రశ్నలా తేలిపోతుంది. చిన్నగా కనిపించేవారిలో ఈ మూడూ రెట్టింపుగా వినిపిస్తాయి. జవాబు మొదలుపెట్టే ముందు ఒక ఊపిరి తీసుకోండి, వాక్యాన్ని పూర్తిగా ముగించండి, ముగించాక ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని మళ్లీ మాట్లాడవద్దు.

ప్యానెల్‌లో ఎవరైనా "నువ్వు" అన్నా, "బాబూ", "అమ్మా" అన్నా నొచ్చుకోవద్దు, అలాగని దానికి తగ్గట్టు చిన్నవారైపోవద్దు. మీరు మాత్రం "అండి", "గారు" వదలకుండా మాట్లాడండి; రెండు మూడు జవాబుల తర్వాత చాలామంది తమకు తెలియకుండానే "మీరు"లోకి మారతారు. పెద్దాయనను అంకుల్ అనడం, కాస్త చనువు చూపగానే అన్నా అనడం మాత్రం పొరపాటున కూడా చేయకండి.

"చూడటానికి స్టూడెంట్‌లా ఉన్నారే" అన్న మాట తప్పకుండా వస్తుంది. సంజాయిషీ ఇవ్వకుండా, విసుగు చూపకుండా, నవ్వి ఒక్క వాక్యంతో పనిలోకి తిప్పండి: "చాలామంది అలాగే అంటారండీ. 2013 నుంచి ఈ పనిలోనే ఉన్నాను, కావాలంటే వ్యాట్ రోజుల సంగతి చెబుతాను." వయసు సూటిగా అడిగితే సూటిగా చెప్పేయండి, దాచినకొద్దీ ఫేక్ అన్న అనుమానం బలపడుతుంది. "మీకంటే పెద్దవాళ్లు మీ మాట వింటారా?" అని అడిగితే, వింటారు అని ఊరుకోకుండా, ఒక సందర్భం చెప్పండి. నా దగ్గర పనిచేసిన ఒకాయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద; ఆయన పొరపాటును నలుగురిలో కాకుండా విడిగా, కాగితం ముందు పెట్టి చూపించేవాడిని, పాత లెడ్జర్ల విషయంలో ఆయన్నే ముందు అడిగేవాడిని. ఈ రెండు వాక్యాలు చెప్పిన చోట ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

ఎనిమిదో అడుగు: జీతం

"ఇంత చిన్న వయసులో ఇంతా?" అన్న మాటకు వయసుతో వాదించవద్దు. ఆ పనికి ఆ ఊళ్లో ఎంత ఇస్తున్నారో ముందే ఇద్దరు ముగ్గురు తోటివారిని అడిగి తెలుసుకుని, ఒక అంకె చెప్పి, దానికి కారణంగా బాధ్యతలను మాత్రమే చూపండి.

అమెరికాలో ప్రయత్నిస్తున్న తెలుగువారికి ఒక ముక్క. అక్కడి రెజ్యూమెలో పుట్టిన తేదీ, ఫోటో, పెళ్లి వివరాలు పెట్టరు. 1967 నాటి అక్కడి సమాఖ్య చట్టం ఉద్యోగాల్లో వయసు వివక్ష నుంచి నలభై, ఆపై వయసున్నవారికే రక్షణ ఇస్తుంది, మరీ చిన్నవారన్న కారణంతో పక్కనపెట్టిన వారికి ఇవ్వదు. అయితే మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో రాష్ట్ర చట్టం వేరు. వయసు ఇరవై ఐదేనని తెలిశాక తనను తీసేశారని ఒక బ్యాంకు ఉపాధ్యక్షుడు వేసిన దావాలో, యువకులకూ ఆ చట్టం వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 1999లో తీర్పు ఇచ్చింది. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగాలకు వర్తించేలా వయసు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం లేదు కాబట్టి, ఇక్కడ మీ ఫైలు, మీ మాటే ఆధారం.

చివరి అడుగు: ఇంటర్వ్యూ అయ్యాక, ఉద్యోగం వచ్చాక

ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే ఒక చిన్న మెయిల్ రాయండి. గదిలో చెప్పిన సంఘటనల్లో ఒకదాన్ని ఒక వాక్యంలో గుర్తుచేయండి, మీ గురించి మాట్లాడుకునేటప్పుడు ముఖం కంటే అదే వారికి గుర్తుంటుంది. చేరే రోజు నింపే ఫారాల్లో పుట్టిన తేదీ మెమోలో ఉన్నట్టే రాయండి. ఇక ఐడీ కార్డు కోసం అప్పటికప్పుడు గోడకు నిలబెట్టి ఫోటో తీస్తారు. ఆ రోజు కాలరున్న చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వెళ్లండి. ఎన్నాళ్లు పనిచేసినా అదే ఫోటో మెడలో వేలాడుతుంది, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన రోజూ చూసేది దాన్నే.